కలపం చీటీ

ఆరో సీసా కూడా బల్ల మీద పెట్టి, ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇవన్నీ వెనక్కొచ్చినవే. ఇంట్లో ఇంకో రెండు బుట్టలున్నాయి. మోసుకురాలేక వదిలేశాను."

నిఘంటువు ప్రధాన సంపాదకుడు సీసాల వంక చూశాడు. మూతల మీద కట్టిన గుడ్డలు కూడా ఎవరూ విప్పలేదు. అయినా ఆ గుడ్డల సందుల్లోంచే గంధమూ గులాబీ కలిసిన వాసన వస్తోంది. పాత కాగితమూ జిగురూ తప్ప మరో వాసన ఎరగని గది అది.

గంట నుంచి గొడవ నడుస్తోంది. గొడవంటే అరుపులు కాదు. ఆవిడ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆఫీసులో అందరూ బెదిరింది అందుకే. అరిచే మనిషినైతే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపించవచ్చు. ఈవిడ మంచినీళ్లు కూడా వద్దంది.

"ఇంకోసారి చదవండి" అంది.

బల్ల మీద నిఘంటువు రెండో సంపుటం తెరిచి ఉంది. ప్రధాన సంపాదకుడు కళ్లజోడు సర్దుకున్నాడు తప్ప చదవలేదు. చివరికి ఆవిడే అందుకుంది, పుస్తకం వంక చూడకుండా.

"కలపం. నామవాచకం. శవానికి అరికాళ్ల నుంచి మొదలుపెట్టి పూసే సుగంధ లేపనం. మట్టిలో కలపడానికి ముందు పూసేది కాబట్టి ఈ పేరు వచ్చింది." ఊపిరి తీసుకుంది. "నాలుగు తరాలుగా మా ఇంట్లో చేస్తున్న పనికి ఇదీ మీరిచ్చిన అర్థం. ఈ పేజీని ఎవరో ఫోన్లలో తిప్పారు. ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకీ మా కలపమే పూసేవాళ్లు. ఇప్పుడు తల్లులు అడుగుతున్నారట, శవాలకు పూసేది మా పిల్లలకు పూస్తారా అని. ఏం చెప్పమంటారు?"

"తప్పుంటే సవరిస్తామమ్మా."

"సవరించండి. ముందు రాసిందెవరో చెప్పండి."

"ఇది ఒక్కరి పని కాదు తల్లీ. సంస్థ పని."

"సంస్థకి చెయ్యి ఉంటుందా, కలం పట్టుకోడానికి? ఎవరో ఒకరి చేత్తోనే కదా రాశారు. ఆ మనిషి మా ఇంటికి రావాలి. మా అత్త ముందు, సరుకు తీసుకునేవాళ్ల ముందు, నేనే తప్పు రాశానని చెప్పాలి. పుస్తకం తప్పు చెప్పిందంటే జనం నమ్మరండీ. మనిషి తప్పు చేశాడంటే వెంటనే నమ్ముతారు."

ప్రధాన సంపాదకుడు పుస్తకం మూసి పక్కకు జరిపాడు. తలుపు వైపు తిరిగాడు.

"వేర్లమ్మా, ఆ చీటీ పట్టుకురా."

తలుపు పక్కన నిలబడ్డది సహసంపాదకురాలు. ఆఫీసులో ఆమెను అందరూ వేర్లమ్మ అనే అంటారు. ఏ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో వేరు పట్టుకుని లాగడం ఆమె పని. ఆ పేరు పెట్టింది ప్రధాన సంపాదకుడే. తొమ్మిదేళ్ల కిందట నిండు సభలో ఒక చీటీల కట్ట పైకెత్తి చూపించి, "మాటలు ఏరుకొచ్చేవాళ్లు చాలామందున్నారు. మాటతో పాటు వేరు కూడా పీక్కొచ్చింది ఈ అమ్మాయి ఒక్కతే" అన్నాడు. ఆ నెలలోనే ఆమెకు ఎండలో ఊళ్లు తిరిగే పని తప్పి, పంకా కింద కుర్చీ దొరికింది. ఆ కట్టలో అన్నిటికన్నా పైనున్న చీటీ ఏదో ఆయన ఎప్పుడో మరిచిపోయాడు.

ఆమె మరిచిపోలేదు.

చీటీల గదిలో గోడ పొడుగునా సొరుగులు. ఈ ఆఫీసులో చీటీ లేని మాట అచ్చులోకి వెళ్లదు. ఎడమ మూల మాట, నడుమ అర్థం, కింద ఎవరు చెప్పారో, వెనక ఎవరు విని రాసుకొచ్చారో. తడిసినవీ చిరిగినవీ ఉంటే లేఖకుడైన ముత్యాల మాస్టారు కొత్త చీటీ మీద దించి, కింద "చూసి రాసినది" అని తన గుర్తు పెడతాడు. విన్నవాళ్ల గుర్తు పాత చీటీ మీదే ఉంటుంది కాబట్టి, దాన్ని కొత్తదాని వెనకే గుండుసూదితో గుచ్చుతాడు.

మూడో సొరుగు లాగింది. వేళ్లు వాటంతటవే వెళ్లి ఆగాయి.

ముందు మాస్టారి చీటీ. అక్షరాలు నిజంగానే ముత్యాలు. దాని వెనక, తుప్పు పట్టిన సూదికి వేలాడుతూ, ఆమె సొంత చేతిరాత. సిరా నాలుగు చోట్ల నీలం మరకలై పాకింది. వెనక్కి తిప్పనక్కర్లేదు, అయినా తిప్పింది. ఆమె గుర్తే.

తొమ్మిదేళ్ల కిందట ఒక రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కలపం చేసే ఆ ఇంటి వరండాలో కూర్చుంది. ముసలావిడ చెప్తూనే ఉంది, ఈమె రాసుకుంటూనే ఉంది. తిరిగి వస్తుంటే వాన. బస్సు షెల్టరులో సంచి తెరిచి చూస్తే నోటుబుక్కు ముద్దయిపోయింది. చివరి పేజీ ఒక్కటే చదవడానికి మిగిలింది, శవం గురించి చెప్పిన పేజీ. మర్నాడు బస్సెక్కి వెళ్లి మళ్లీ అడిగితే సరిపోయేది. కానీ మర్నాడు ఉదయానికి నలభై చీటీలు ఇవ్వాలి. షెల్టరు కింద కూర్చుని, మిగిలిన పేజీనే అర్థంగా రాసేసింది. పేరెలా వచ్చిందన్న చోటు ఖాళీగా ఉంటే, కాసేపు ఆలోచించి "మట్టిలో కలపడం" అని తనే పెట్టేసింది. పెట్టాక తనకే ముచ్చటేసింది. చూరు నుంచి కారిన చినుకులు ఆ చీటీ మీదా పడ్డాయి.

ఇప్పుడామె సూది లాగింది. తడి మరకల చీటీని నాలుగు మడతలు పెట్టి నడుము దగ్గర బట్టలోకి దోపింది. ఇదంతా చేయడానికి పట్టింది రెండు గుక్కల ఊపిరి.

ప్రధాన సంపాదకుడు మాస్టారి చీటీని వెలుగులోకి పట్టి చూశాడు. "సూది గుచ్చిన కంతలున్నాయి. మూలం చీటీ ఏది?"

"సొరుగులో ఇదొక్కటే ఉందండీ."

అది అబద్ధం కూడా కాదు. అప్పటికి సొరుగులో ఉన్నది అదొక్కటే. ఆ తెలివికి ఆమెకే చెవులు వేడెక్కాయి.

ముత్యాల మాస్టారిని పిలిచారు. ఆయన ఉద్యోగం ముగిసి నాలుగేళ్లయింది. ఆ చేతిరాత వదులుకోలేక, చివరి సంపుటం పూర్తయ్యేదాకా ఉండమని ఆఫీసే ఆయన్ను ఉంచుకుంది. పొట్టి మనిషి, మోచేతుల దగ్గర చొక్కా పలచబడింది. చీటీని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"నా చేతే."

"మూలం ఏమైంది మాస్టారూ?"

"గుచ్చే ఉంటానండీ. ఎప్పుడూ గుచ్చుతాను." ఆయన చీటీ మూల తేదీ చూశాడు. ముఖంలో ఏదో ఆరిపోయింది. "ఆ ఏడాదా" అన్నాడు. చీటీని బల్ల మీద బోర్లా పెట్టాడు.

కలపం చేసే ఆవిడ ఆయన్ను పై నుంచి కింది దాకా చూసింది. కోపం తెచ్చుకోడానికి ఆ మనిషిలో చోటు దొరకనట్టు, తల పక్కకి తిప్పుకుంది.

"గురువారం రండి మా ఇంటికి" అని చెప్పి, ఆరు సీసాలూ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

*

వేర్లమ్మ భర్త దర్జీ. ముందు గదిలోనే మిషను. ఆమె వచ్చేసరికి ఎవరిదో లాగుకు పట్టీ కుడుతున్నాడు.

"వచ్చారా వేర్లమ్మగారు. ఇవాళ ఎన్ని పీకారు?"

రోజూ ఇదే పరాచికం. రోజూ ఆమె "నీ నాలిక ఒక్కటి మిగిలింది" అంటుంది. ఇవాళ నేరుగా వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి వెలిగించి, టీ గిన్నె పెట్టి, నడుము దగ్గరి చీటీని మంట అంచుకు తాకించింది. తొమ్మిదేళ్ల కాగితం, చిటికెలో అంటుకుంది. వేళ్లకు చురుక్కుమనేదాకా పట్టుకుని, మసిని కుళాయి కింద కడిగేసింది.

"ఏదో కాలుతోంది" అన్నాడు భర్త, మిషను ఆపి.

"పాత చీటీ. పనికిరానిది."

టీ తాగుతూ ఉండబట్టలేక చెప్పింది, సగం. ఒక మాటకు అర్థం తప్పుగా అచ్చయిందని, ముత్యాల మాస్టారి మీదకు వచ్చిందని, మూలం చీటీ దొరకలేదని.

"ఆయనకి వయసైపోయింది కదా" అన్నాడు భర్త సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నలభై ఏళ్లు రాసిన చెయ్యి, ఒకచోట జారదా ఏంటి? ఎవరూ ఏమీ అనుకోరులే. నువ్వు మనసులో పెట్టుకోకు. నీ పొరపాటు కాదుగా."

ఎంతో ప్రేమగా అన్నాడు. ఆమె కప్పు తీసుకెళ్లి కడిగింది. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

*

మంగళవారం మాస్టారు రాత గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆ గదిలో బల్ల కిటికీకి ఎడమ పక్కన ఉంటుంది, చేతి నీడ కాగితం మీద పడకుండా. మూడు కలాలు, మూడు పాళీలు, తుడుచుకునే గుడ్డ. ఆయన రాస్తున్నప్పుడు పాళీ చప్పుడు చేయదు. కొత్తగా చేరినవాళ్లు అది చూడ్డానికే ఒకసారి వచ్చి నిలబడతారు.

ఇవాళ చప్పుడు వస్తోంది.

"రా అమ్మాయ్" అన్నాడు. "మంచి సమయానికి వచ్చావు. ఒకటి చెప్పాలి నీకు. ఎవరికీ చెప్పలేదు."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"ఆ ఏడాది నాకు ఎడమ కంట్లో శుక్లం. కుడి కంట్లో కూడా మొదలైంది. ఏ అక్షరానికైనా చుట్టూ పొగ కమ్మినట్టుండేది. చెబితే కుర్చీ తీసేస్తారని చెప్పలేదు. ఏడెనిమిది నెలలు అలాగే రాశాను. తర్వాత సెలవు పెట్టి, మా అమ్మాయి పురుడని అబద్ధం చెప్పి, ఆపరేషన్ చేయించుకున్నాను. మా అమ్మాయికి అప్పటికి పెళ్లే కాలేదు."

నవ్వబోయాడు. కుదరలేదు.

"అన్నేళ్లూ భయపడుతూనే ఉన్నాను. ఆ నెలల్లో ఎక్కడో ఒక ముక్క వదిలేసి ఉంటాను, ఎప్పుడో ఒకరోజు బయటపడుతుంది అని. పడింది. నిన్న ఆవిడ అలా సీసాలు పెడుతుంటే, నా గుండెల మీద పెట్టినట్టయింది. ఎంత పాపం చేశాను చూడు."

వేర్లమ్మ నోరు తెరిచింది. నిజం నాలిక చివరి దాకా వచ్చింది. "మాస్టారూ" అంది.

"ఆఁ?"

"టీ తెప్పించనా?"

"వద్దమ్మా. కలం వణుకుతుంది." ఆయన ముందున్న కాగితం ఆమె వైపు తిప్పాడు. "సంజాయిషీ రాశాను. నువ్వొకసారి చూడు, తప్పులేమైనా ఉన్నాయేమో. నా కళ్ల మీద నాకు నమ్మకం పోయింది."

చదివింది. కలపం అనే మాటకు సంబంధించిన మూలం చీటీని అజాగ్రత్త వల్ల పోగొట్టినందుకు, అర్థంలో ముఖ్యభాగం వదిలేసినందుకు, కంటి జబ్బు దాచినందుకు. ఒక్క కొట్టివేత లేదు. ఒక్క గుణింతం వంకర పోలేదు. చేయని తప్పును ఇంత అందంగా రాసిన కాగితం ఆమె జన్మలో చూడలేదు.

"బాగుంది" అంది. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియలేదు.

"ఒక్కటే బాధ. నేను వదిలేసిన ముక్క ఏదో తెలిస్తే బాగుండేది. అసలు చీటీలో ఏమి ఉండి ఉంటుందంటావు? నువ్వు మాటల మనిషివి కదా."

"నాకేం తెలుస్తుంది మాస్టారూ" అని లేచి వచ్చేసింది. వరండా చివరి దాకా నడిచి, అక్కడ నీళ్ల కుండ పక్కన గోడ వైపు తిరిగి నిలబడింది. దాహం లేదు. ఎవరి ముఖమూ చూడకుండా ఉండటానికి ఆఫీసులో మరో చోటు లేదు.

బుధవారం మధ్యాహ్నానికి అంతా తేలిపోయింది. ప్రధాన సంపాదకుడు పిలిచి ఒక కాగితం చూపించాడు. అమ్ముడుపోని ప్రతుల్లో అతికించే సవరణ పట్టీ. "ఫలానా పుటలో కలపం అనే మాటకు ఇచ్చిన అర్థం లేఖకుని పొరపాటు" అని, కింద మాస్టారి పూర్తి పేరు.

"పేరు ఎందుకండీ?" అంది వేర్లమ్మ.

"పేరు లేకపోతే ఆవిడ ఊరుకోదు. విన్నావుగా. ఇక మాస్టార్ని కూడా ఉంచలేను. కళ్లు కనపడక రాశానని రాసిచ్చాక, ఆ ఏడాది చీటీలన్నీ అనుమానమే. సోమవారం నుంచి రావద్దని చెప్పాలి. నా నోటితో చెప్పలేక చస్తున్నాను." ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అవునూ, ఆ ఇంటికి ఎవరు వెళ్లి మాట ఏరుకొచ్చారో తెలిసే దారేమైనా ఉందా?"

ఆమె బల్ల మీది కళ్లజోడు వంక చూసింది.

"మూలం లేదు కదండీ."

"అదే. అప్పట్లో తిరిగినవాళ్లు పదిమంది. సగం మంది వెళ్లిపోయారు. ఎవరని అడుగుతాం?" పట్టీ కాగితాన్ని ఆమె చేతికిచ్చాడు. "రేపు నువ్వు మాస్టారికి తోడు వెళ్లు. ఆయనకి బస్సు నంబరు కనపడదు. అక్కడ ఆయన చెప్పాల్సింది చెప్పాక, ఇది ఆవిడకి చూపించి సంతకం తీసుకో. ఈ పని నువ్వయితేనే నెమ్మదిగా చేస్తావు."

కాగితం మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. ఎవరికీ అనుమానం లేదు. రేపటితో అనుమానం రావడానికి మిగిలేది కూడా ఏమీ లేదు.

*

తొమ్మిదేళ్లలో ఆ వీధి పెద్దగా మారలేదు. ఇల్లు కూడా అంతే. వరండా దాటితే పెద్ద గది. ఒక మూల పొయ్యి, దాని మీద రాగి గంగాళంలో నూనె వెచ్చబడుతోంది. పక్కన బల్ల మీద మైనం ముక్కలు, గంధపు పొడి జల్లించిన పళ్లెం, ఎండిన గులాబీ రేకులు. కలపం చేసే ఆవిడ కొంగు బిగించి, పొడుగాటి చెక్క తెడ్డుతో గంగాళం తిప్పుతోంది. తెడ్డు ఒకే దిక్కుకు, ఒకే వేగంతో తిరుగుతోంది.

గోడ పక్క బెంచీ మీద ఇద్దరు కూర్చున్నారు. ప్రసూతి ఆసుపత్రి పెద్ద నర్సు, ఒళ్లో సంచితో. సీసాలు తీసుకెళ్లి అమ్మే అంగడి ఆయన, గడియారం చూసుకుంటూ. కిటికీ పక్క మంచం మీద అత్త. వెంట్రుకలు దూదిలా ఉన్నాయి.

ముసలావిడ కళ్లు వేర్లమ్మ మీద ఆగాయి. వేర్లమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఎవరమ్మా నువ్వు? అక్కడ నిలబడ్డావేం? రా, కూర్చో."

గుర్తుపట్టలేదు. వేర్లమ్మకు ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు మరుక్షణమే సిగ్గేసింది.

"మా అత్తకి కొత్తవాళ్లంటే మాట్లాడాలి" అంది కోడలు, తెడ్డు ఆపకుండా. "నిన్నటి సంగతి అడిగితే తెలియదు. పని గురించి అడిగితే ఒక్క ముక్క తప్పదు. మాస్టారుగారూ, మీరు చెప్పేది తర్వాత. ముందు ఆవిడ చెప్పేది వినండి. ఏమి చెడగొట్టారో తెలియాలి కదా."

మాస్టారు మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. జేబులోంచి ఖాళీ చీటీ, కలం తీశాడు. అది ఎవరూ అడగలేదు. చెప్పే మనిషి ఎదురుగా ఉంటే ఆయన చేతులు ఊరుకోవు.

"కలపం అంటే ఏంటమ్మా?"

"అదేం ప్రశ్నయ్యా. నూనె నూనే. మైనం మైనమే. గంధాన్ని విడిగా పెడితే ఎండి రాలిపోతుంది. ఏ ఒక్కటీ ఒంటికి పట్టి ఉండదు. కలిపితేనే కలపం. కలిపే చెయ్యి మధ్యలో ఆగిందా, నూనె ఒకచోట, మైనం ఒకచోట. మా అత్త నాకు అదే చెప్పింది, నేను దీనికి అదే చెప్పాను." కోడలి వైపు గడ్డం ఎత్తింది. "ఇది మొదట్లో తెడ్డు ఇలా వదిలేసి, అలా వెళ్లి వీధిలో కబుర్లు చెప్పేది."

"ముప్పై ఏళ్ల కిందటిది ఇంకా గుర్తుంది ఈవిడకి" అంది కోడలు. పెద్ద నర్సు నవ్వాపుకుంది.

"దేనికి పూస్తారు?"

ముసలావిడ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. పుట్టిన బిడ్డకి. బాలింత నడుముకి. పెళ్లిపిల్ల మెడకీ చేతులకీ. ఎండలో పని చేసొచ్చినవాళ్లకి. పగిలిన మడమకి. నొప్పెట్టే కణతకి. మంచం పట్టినవాళ్ల వీపు పుండు పడకుండా. చలికి పగిలిన పెదవికి. మాస్టారి కలం చప్పుడు లేకుండా సాగుతోంది. వేర్లమ్మ ఒక్కొక్కటే వింటోంది. ఒక్కొక్కటీ తను విన్నదే. నోటుబుక్కులో ఏ పేజీలో ఎటు వైపు రాసిందో కూడా గుర్తొస్తోంది.

"తొమ్మిదోది, పోయినవాళ్లకి" అంది ముసలావిడ. "బిడ్డ పుట్టినప్పుడు నెత్తి నుంచి కిందికి రాస్తాం. పోయినప్పుడు అరికాళ్ల నుంచి పైకి. పోయినంత మాత్రాన మన మనిషి కాకుండా పోతాడా? ఒళ్లు ఎండనివ్వకూడదు. అంతే. అది మేం బయట చెప్పం. ఎవరైనా ఓపిగ్గా కూర్చుని అంతా వింటే చివర్లో చెప్తాను."

తెడ్డు ఆపకుండా గంగాళంలో గుప్పెడు గులాబీ రేకులు వేసింది కోడలు.

"ఇందులో సిగ్గుపడేదేముంది?" అంది పెద్ద నర్సు మెల్లగా. "ఇదంతా రాసుంటే ఒక్క తల్లి కూడా అడిగేది కాదు."

మాస్టారు లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. సంజాయిషీ కాగితం విప్పాడు గానీ చదవలేకపోయాడు. నోటితోనే చెప్పాడు.

"అమ్మా, ఎనిమిది మాటలు నేనే మింగేశాను. కళ్లు సరిగా లేని రోజుల్లో చీటీ దించాను. పై వరసలన్నీ వదిలేసి చివరి వరస ఒక్కటే రాసినట్టున్నాను. నలభై ఏళ్లు నన్ను అందరూ ముత్యాలు ముత్యాలు అన్నారు. నేను దాచుకున్నాను, అందుకే ఇలా అయింది. మీ పని చెడగొట్టాను. క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు."

అంగడి ఆయన గడియారం చూసుకోవడం మానేశాడు.

కలపం చేసే ఆవిడ తెడ్డును పెద్ద నర్సు చేతికిచ్చింది. "ఆపకండి, ఇలాగే తిప్పుతుండండి" అని, చేతులు తుడుచుకుని మాస్టారి దగ్గరకు వచ్చింది. ఆయన సంజాయిషీకి జతచేసి తెచ్చిన సొంత చేతిరాత చీటీని తీసుకుని చదివింది. మళ్లీ చదివింది.

"మాస్టారుగారూ, మీరు చూసి రాసేటప్పుడు సొంతంగా ఏమైనా చేరుస్తారా?"

"అయ్యో. అక్షరం కూడా చేర్చనమ్మా. చేర్చకూడదు."

"మరి వదిలేస్తే తగ్గాలి గానీ, కొత్తది ఎలా పుడుతుంది? మట్టిలో కలపడానికి ముందు పూసేది కాబట్టి ఈ పేరు, అని ఉంది ఇందులో. మా అత్త ఇప్పుడు చెప్పిన దాంట్లో అది ఉందా? తన జన్మలో అలాంటి మాట అనలేదు. మీరు చేర్చలేదంటున్నారు. అంటే అది ముందు చీటీలోనే ఉంది." చీటీని వేలితో తట్టింది. "అరికాళ్ల నుంచి అన్నది మాత్రం మా అత్త మాటే. అది తెలియాలంటే ఇక్కడికొచ్చి, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినాలి. ఎవరో విన్నారు. విని, ఇలా రాశారు. మీరు కాదు."

మాస్టారు పీట మీద కూర్చున్నాడు. "నేను కాదా?" అన్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు.

"ఎవరొచ్చారో మీకు గుర్తుందా?" అని అంగడి ఆయన అడిగాడు.

"నేను సంతకి వెళ్లాను ఆ రోజు. వచ్చేసరికి ఎవరో ఆఫీసు నుంచి వచ్చి వెళ్లారని చెప్పింది అత్త. ఆవిడకి ఇప్పుడు గుర్తులేదు."

"పోనీలే తల్లీ" అన్నాడు మాస్టారు. కలం జేబులో పెట్టుకున్నాడు. "అప్పట్లో తిరిగినవాళ్లు చిన్నపిల్లలు. ఎండల్లో వానల్లో తిరిగేవాళ్లు, రోజుకి నలభై చీటీలు ఇవ్వాలి పాపం. ఎవరో ఒకరు. ఇప్పుడు ఎక్కడున్నారో. నా పేరే ఉండనివ్వండి, చీటీ నా చేతిదే కదా. వెళ్దామా అమ్మాయ్?"

ఆయన వేర్లమ్మ వైపు చెయ్యి చాపాడు, లేవడానికి ఆసరా కోసం.

ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని ఆయన్ను లేపలేదు. తలుపు తెరిచే ఉంది, వీధి కనిపిస్తోంది. సంచిలోని పట్టీ మీద సంతకం తీసుకుంటే అయిపోతుంది. ఏ సొరుగులోనూ ఆమె గుర్తు లేదు. ఆయన చేతి ఎముకలు తన వేళ్లకు తగులుతున్నాయి, పాళీ పట్టి పట్టి కాయ కట్టిన మధ్యవేలు కూడా.

"మాస్టారూ, కూర్చోండి" అంది.

కలపం చేసే ఆవిడ తల తిప్పి మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. వేర్లమ్మ ఆ చూపు తప్పించుకోలేదు.

"ఆ రోజు ఈ వరండాలో కూర్చుని తొమ్మిదీ విన్నది నేను. వానలో పుస్తకం తడిసి ఎనిమిది పోయాయి. మళ్లీ రావడానికి బద్ధకించాను. మట్టిలో కలపడం అన్నది మీ అత్తగారు చెప్పలేదు, నేను అల్లాను. అది చూసే నాకు కుర్చీ ఇచ్చారు. ముందు చీటీ సొరుగులోనే ఉండేది. సోమవారం నేనే తీసి, ఇంటికి తీసుకెళ్లి పొయ్యిలో కాల్చేశాను." మాస్టారి చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. "మాస్టారు చూసి రాశారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. తప్పు రాసింది నేను."